నాలుగో వారం కోసమైనా చేరొచ్చు: ఆన్‌లైన్ నీతిశాస్త్రం కోర్సు

ఇరవై ఏళ్లుగా ప్రసూతి వార్డులో నర్సుని. గర్భస్రావం అనగానే తల్లి హక్కా, బిడ్డ ప్రాణమా అన్న వాదనే వింటూ వచ్చాను. నాలుగో వారం పాఠంలో తత్వవేత్త రోజలిండ్ హర్స్ట్‌హౌస్ గర్భస్రావంపై 1991లో రాసిన వ్యాసం గురించి చెప్పారు. హక్కు ఉన్నా దాన్ని క్రూరంగా, స్వార్థంగా వాడొచ్చు. కాబట్టి ఈ మనిషి, ఈ పరిస్థితిలో, ఏ గుణంతో నిర్ణయిస్తోందో చూడమంటుంది ఆమె. వరుస కాన్పులతో ఒళ్లు గుల్లయిన తల్లుల ప్రస్తావన రాగానే వీడియో ఆపేశాను. అలాంటివాళ్ల చేతులు ఎన్నిసార్లు పట్టుకున్నానో! వాళ్లది నిర్లక్ష్యం కాదని నాకు తెలుసు, చెప్పడానికి మాటలే ఉండేవి కావు.

గర్భిణిని వదిలేసి వెళ్లిన మగవాడి గుణం గురించి టీచరు ఒక్క నిమిషమూ మాట్లాడలేదు. నాకు చాలా బాధనిపించింది. క్విజ్‌లు దండగ.