తిరుపతిలో బ్రెయిన్ ట్రైనింగ్, మంత్ర చికిత్స సెంటర్‌కి 19 సిట్టింగులు వెళ్లొచ్చాక

స్ట్రోక్ వచ్చి మాట పడిపోయినవాళ్లు ఇంట్లో ఉంటే ఇది చదవండి. సెంటర్ పేరు రాయడం లేదు, పేరు కన్నా అక్కడ ఏం జరిగిందో తెలిస్తే మీకు ఎక్కువ ఉపయోగం.

మా నాయన ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు, తిరుమల ఘాట్‌లో ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషి. పోయిన ఏడాది బ్రహ్మోత్సవాలు అయిన వారానికి, ఒకరోజు తెల్లవారి లేచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి ఉన్నాయి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు పడాలట, నిద్రలో ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు కాబట్టి ఇవ్వలేమన్నారు. ప్రాణం దక్కింది, కాలు రెండు నెలల్లో కొంచెం కుదుటపడింది, మాట మాత్రం రాలేదు. ఏం అడిగినా "అదీ... అదీ..." అనేవారు. మనం అనేది అంతా అర్థమవుతోందని కళ్లలో తెలిసేది. చెప్పాలనుకున్నది నోటి దాకా వచ్చి ఆగిపోయేది, ఆ కోపంలో ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టేవారు.

అలాంటి సమయంలో మా పక్కింటి అక్క ఈ సెంటర్ గురించి చెప్పింది. న్యూరోసైన్స్, ఆధ్యాత్మికత కలిపి మెదడుకి శిక్షణ ఇస్తారు, మూడు నెలల్లో మాట వస్తుంది అని. 30 సిట్టింగులకి 24,000, ముందే కట్టాలి. కట్టాం.

మంచి ముందు చెప్తాను. శుభ్రంగా ఉంది, లిఫ్ట్ ఉంది, వీల్‌చైర్ గది లోపలి దాకా పోతుంది. స్టాఫ్ పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడతారు. బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీ లేదు, పక్షవాతం వాళ్లు వచ్చే చోట అది ఉండాలి. సాయంత్రం శ్వాస క్లాస్ నిజంగా బాగుంది. నెమ్మదిగా ఓంకారం పలికిస్తూ ఊపిరి తగ్గించడం, అంతే. అమ్మ నాయనకి తోడుగా వచ్చి అదే నేర్చుకుంది, నెలల తర్వాత రాత్రిళ్లు నిద్రపోతోంది. ఇలా ఊపిరి నెమ్మదిస్తుందనడానికి ఆధారం కూడా ఉంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 23 మంది మీద చేసిన ఒక అధ్యయనం వచ్చింది. క్రైస్తవుల జపమాల ప్రార్థన గానీ, బౌద్ధుల మంత్రం గానీ లయగా చదివితే శ్వాస నిమిషానికి సుమారు 6 సార్లకి తగ్గుతుందని, ఆ వేగంలో గుండె, రక్తపోటు ఒకదానితో ఒకటి బాగా సర్దుకుంటాయని అందులో చూశారు. ఈ క్లాస్ ఒక్కదానికే విడిగా ఫీజు పెడితే నేను ఇప్పుడు కూడా అమ్మని పంపిస్తాను.

ఇక మెషీన్ సంగతి. నుదుటికి ఒక పట్టీ కడతారు, లోపల లోహపు బిళ్లలు ఉంటాయి. ఎదురుగా ట్యాబ్‌లో గీతలు కదులుతుంటాయి, ఆల్ఫా అనే మెదడు తరంగం పెరిగితే గంట మోగుతుంది. గంట మోగితే "ఆత్మ ప్రశాంత స్థితికి వెళ్లింది, మెదడు తనను తాను నయం చేసుకుంటోంది" అంటారు. ఒకరోజు నాయన అలసిపోతే, సార్‌ని అడిగి నేను కట్టించుకున్నాను. కళ్లు తెరిచి కూర్చుంటే ఏం లేదు. కళ్లు మూసిన రెండు మూడు సెకన్లకే గంట మోగింది, తెరవగానే ఆగిపోయింది. ఆ పూట నా మనసులో ప్రశాంతత ఏ కోశానా లేదు, ఇంటికెళ్లి వంట చేయాలన్న తొందర తప్ప. ఇంకోసారి పళ్లు గట్టిగా కొరికితే గీతలన్నీ ఒక్కసారి పైకి లేచాయి, ఎందుకంటే దవడ కండరం కదలిక కూడా ఆ పట్టీకి అందుతుంది. కళ్లు మూస్తే ఆల్ఫా పెరగడం కొత్త సంగతి కాదు, జర్మనీ డాక్టర్ హాన్స్ బెర్గర్ మనిషి మెదడు తరంగాలని మొదట రికార్డు చేసి 1929లో ప్రచురించిన రోజుల్లోనే గమనించారు. సెకనుకి 8 నుంచి 13 సార్లు కదిలే తరంగం అది, కళ్లు మూసుకుని ఊరికే కూర్చున్నా వస్తుంది. అది చూపించి నయమవుతోందంటే ఎలా?

ట్యాబ్‌లో ఆటలు కూడా ఆడిస్తారు, ఒకే రంగు బొమ్మలు జత చేయడం లాంటివి. పది సిట్టింగులకి నాయన స్కోరు బాగా పెరిగింది, ఇంటికొచ్చాక మంచినీళ్లు అడగడానికి మళ్లీ "అదీ" యే. ఆడిన ఆటలో నైపుణ్యం పెరుగుతుంది, అది వేరే పనికి దానంతటదే పాకదు. అమెరికాలో లుమోసిటీ అనే పెద్ద బ్రెయిన్ గేమ్స్ కంపెనీ ఇలాంటి మాటలే ఆధారాల్లేకుండా ప్రకటనల్లో చెప్పినందుకు 2016లో అక్కడి ప్రభుత్వ సంస్థకి 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

గోడ మీద వేద పండితుల మెదడు గురించి ఒక పెద్ద పోస్టర్ ఉంది. ఆ అధ్యయనం నిజమైనదే. మనేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌లో 21 మంది యజుర్వేద పండితులని స్కాన్ చేసి, మరో 21 మందితో పోల్చారు. జ్ఞాపకశక్తికి, భాషకి సంబంధించిన కొన్ని భాగాలు పండితుల్లో పెద్దగా ఉన్నాయి. కానీ వాళ్లు చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి, రోజూ గంటల కొద్దీ వల్లె వేసినవాళ్లు. ధర్మగిరి వేద పాఠశాల పిల్లలు ఎంత కష్టపడతారో తిరుపతి వాళ్లకి ఒకరు చెప్పాలా? పైగా ఆ స్కాన్లు ఒక్కసారి తీసినవి, వేదం చదివినందువల్లే మెదడు అలా మారిందని వాటితో తేల్చలేం. హెడ్‌ఫోన్స్‌లో 20 నిమిషాలు మంత్రం విన్నవాళ్లకి కూడా అదే జరుగుతుందన్నట్టు ఆ పోస్టర్ పెట్టడం ఆ పండితుల శ్రమకి అన్యాయం, మా లాంటివాళ్లకీ అన్యాయం.

నాకు ఇది రాయాలనిపించింది మాత్రం పందొమ్మిదో సిట్టింగ్ వల్ల. ఆ రోజు మంత్రానికి బదులు స్పీకర్‌లో గోవింద నామాలు పెట్టారు. నాయన తల వంచుకుని కూర్చున్నారు. మూడు నాలుగు నామాలు అయ్యాక ఆయన ఎడమ చెయ్యి తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. తర్వాత నామం చివర "గోవిందా" అన్నారు. స్పష్టంగా, పూర్తిగా, ఘాట్‌లో బస్సు నిండా జనం అంటుంటే ఆయన కూడా అనే గొంతుతోనే. ఐదు నెలలుగా "అదీ" తప్ప ఇంకో మాట వినని నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెంటనే సెంటర్ వాళ్లు ఫోన్లు తీసి వీడియో మొదలుపెట్టారు, మమ్మల్ని అడగలేదు. మెషీన్ వల్ల కుడి మెదడు తెరుచుకుందన్నారు, ఇంకో 30 సిట్టింగులు తీసుకుంటే పూర్తి మాట వస్తుందన్నారు. ఆ ఊపులోనే రక్తం పలచబడే మాత్ర ఇక నెమ్మదిగా తగ్గించుకోవచ్చని కూడా చెప్పారు. అక్కడితో నేను లేచాను. ఆ మాత్ర ఆపితే రెండో స్ట్రోక్ రావచ్చని మాకు ఆస్పత్రిలో చిలక్కి చెప్పినట్టు చెప్పారు. వీడియో తీసేయమని గట్టిగా అడిగితే తీసేశారు. మిగిలిన 11 సిట్టింగుల డబ్బు ఇవ్వలేదు.

తర్వాత వారం ఒక స్పీచ్ థెరపిస్ట్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ నాయన ఎడమ చెయ్యి పట్టుకుని "పెద్దాయనా, ఒకటి, రెండు..." అని మొదలుపెట్టారు, ఆయన పది దాకా చెప్పేశారు! ఆదివారం, సోమవారం కూడా. ఆవిడ చెప్పింది ఇది: కూర్చి మాట్లాడే మాట వేరు, నోటికి కంఠస్థమైన మాట వేరు. ఎక్కువమందిలో మాట కూర్చే పని మెదడు ఎడమ పక్కదే. 1861లో ఫ్రాన్స్‌లో పాల్ బ్రోకా అనే డాక్టర్, "టాన్" అనే ఒక్క శబ్దం తప్ప పలకలేని రోగి చనిపోయాక మెదడు పరీక్షించి ఎడమ ముందు భాగంలో దెబ్బ చూశారు. మా నాయన "అదీ" లాంటిదే ఆ "టాన్". అంకెలు, వారాలు, ప్రార్థనలు, పాటలు చాలామందిలో ఆ దెబ్బ తప్పించుకుని మిగులుతాయి. 1973లో బోస్టన్ డాక్టర్లు దీని మీదే ఒక చికిత్స తయారు చేశారు, మాటని పాటలా సాగదీసి అక్షరానికొకసారి ఎడమ చేత్తో తట్టించడం. రాగం కన్నా లయ, నోటికి వచ్చిన పదాలు ముఖ్యమని 2011లో జర్మనీలో 17 మంది మీద చేసిన ఇంకో అధ్యయనం చెప్పింది. గోవింద నామాల్లో ఆ రెండూ ఉన్నాయి.

ఇదంతా విన్నాక నా భక్తి ఏమైనా తగ్గిందా అని మా తమ్ముడు అడిగాడు. లేదు. యాభై ఏళ్లు రోజూ అన్న పేరు కాబట్టే, అన్నీ పోయినా అది మిగిలింది. అది ఆయన సంపాదించుకున్నది. మొక్కు తీర్చడానికి మేం కొండకెళ్లాం, తలనీలాలు ఇచ్చాం, నాయన మహాద్వారం దగ్గర చెయ్యెత్తి ఇంకో నాలుగుసార్లు "గోవిందా" అన్నారు. దాన్ని పట్టీ కట్టి 24,000కి అమ్మడం మీదే నా అభ్యంతరం.

ఇప్పుడు ఇంట్లో రోజూ సాయంత్రం దీపం పెట్టాక అరగంట కూర్చుంటాం. ముందు నామాలు, ఆ తాళం ఆగకుండానే తొడ మీద తట్టుకుంటూ "నీ-ళ్లు-కా-వా-లి". నాలుగు నెలలకి పదిహేను మాటలు వచ్చాయి. నిన్న అమ్మతో "ఉప్పు ఎక్కువ" అన్నారు.

శ్వాస క్లాస్‌కి 5కి 4, మెషీన్‌కి సున్నా, మందుల గురించి ఇచ్చిన సలహాకి సున్నా కన్నా తక్కువ ఇవ్వడానికి వీలుంటే అదే ఇచ్చేదాన్ని.

చిత్తూరులో మా మేనత్త వాళ్లింట్లో కూడా ఇదే సమస్య వచ్చింది, మామయ్యని అంత దూరం తీసుకురావడం కష్టం. అక్కడ ఇంటికొచ్చి తెలుగులో చేయించే స్పీచ్ థెరపిస్ట్ ఎవరైనా తెలిస్తే దయచేసి కింద రాయండి.