బెంగళూరులో కవలల స్ట్రోలర్: ఏళ్ల తరబడి తోసాక తేలిన సంగతులు

ట్విన్ స్ట్రోలర్, అంటే ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి, ఏ కంపెనీది కొనాలో చూసేముందు టేపు పట్టుకుని మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గరికి వెళ్లండి. తలుపు పూర్తిగా తెరుచుకున్నాక మిగిలే ఖాళీని కొలవండి. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో 70, 80 సెంటీమీటర్ల తలుపులే ఎక్కువ కనిపిస్తాయి. పక్కపక్కన సీట్లుండే బండ్లు మామూలుగా 73 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పుంటాయి. 80 తలుపులో 75 బండి పడుతుంది, కానీ అటూ ఇటూ మిగిలేది రెండున్నర సెంటీమీటర్లే. చక్రాలు నేరుగా పెట్టుకుని తోయకపోతే అంచుకు తగులుతుంది. పాత ఇనుప జాలీ తలుపుల లిఫ్టయితే, మడతపడి ఒక పక్కకు చేరిన జాలీ కూడా కొంత చోటు తినేస్తుంది. దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

తలుపు 70 సెంటీమీటర్లే అయితే ముందూ వెనకా సీట్లుండే టాండెం బండి తప్ప దారి లేదు. అక్కడ ఇంకో చిక్కుంది. టాండెం పొడవు 110 నుంచి 120 సెంటీమీటర్లు ఉంటుంది. లిఫ్టు లోపలి లోతు ఒక్కోసారి 110 కూడా ఉండదు. అప్పుడు బండిని మూలలవైపు ఏటవాలుగా తిప్పాలి, ఇంకో మనిషికి చోటుండదు. అందుకే తలుపు వెడల్పుతోపాటు లోపలి లోతు కూడా కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లండి.

మేం వాడింది పక్కపక్క సీట్ల బండి. వెడల్పు 75, బరువు 13 కిలోలు, ఫోమ్ చక్రాలు, అడ్డంగా ఒకటే పొడవాటి హ్యాండిల్. పిల్లలకు మెడ నిలవకముందు నుంచి, దిగి పరుగెత్తే వయసు దాకా వాడాం. కవలలకు ఇదే నయమని మా అభిప్రాయం. టాండెంలో వెనక సీటు చాలా వాటిలో ఇరుకుగా, కిందికి ఉంటుంది. ఆ పిల్లకు ముందు సీటు వీపు తప్ప ఏమీ కనబడదు, కాళ్లతో దాన్ని తన్నుతూనే ఉంటుంది. పక్కపక్కన కూర్చుంటే ఇద్దరికీ దారి కనిపిస్తుంది. జుట్లు పట్టుకోవడం, బిస్కెట్లు లాక్కోవడం తప్పదు. మధ్యలో బట్ట గోడ ఉన్న బండి తీసుకుంటే అది కొంత తగ్గుతుంది. సీట్లు దేనికది వాల్చగలిగేలా ఉండాలి, ఇద్దరూ ఒకేసారి నిద్రపోరు. మెడ నిలవని పసిపిల్లలకైతే సీటు దాదాపు బల్లపరుపుగా వాలాల్సిందే. సగం వాలి ఆగిపోయేదైతే పక్కన పెట్టేయండి.

అసలు తేడా చక్రాల్లో తెలుస్తుంది. మన ఫుట్‌పాత్‌లు చాలాచోట్ల మురికి కాలువ మీద పరిచిన రాతి పలకలు. ఒక పలక లేస్తుంది, పక్కది కుంగుతుంది. 15 సెంటీమీటర్ల చిన్న చక్రం ఆ సందులో దిగి అడ్డంగా తిరిగిపోతుంది, బండి ఠక్కున ఆగుతుంది, పిల్లలు బెల్టుల మీదికి వాలిపోతారు. వెనక చక్రాలు కనీసం 25, ముందువి 18 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటే ఇదే దారి మీద హాయిగా పోవచ్చు. ముందు చక్రాలు అటూ ఇటూ తిరగకుండా నేరుగా నిలిపే లాక్ తప్పనిసరి. చర్చ్ స్ట్రీట్ మీద పరిచిన రాళ్లపై లాక్ వేయకుండా తోస్తే చక్రాలు గడగడా ఊగుతాయి. రెసిడెన్సీ రోడ్డు వెడల్పాటి ఫుట్‌పాత్ మీదికి రాగానే లాక్ తీసేయొచ్చు. గట్టు ఎత్తుగా ఉన్నచోట ముందుకు తోసి ఎక్కించాలని చూడకండి. బండిని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీద వాల్చి లాగితే నడుం మీద సగం భారం తగ్గుతుంది.

గొడుగు కాడల్లా రెండు విడి హ్యాండిళ్లుండేవి చవకా, తేలికా కూడా. కానీ ఒంటిచేత్తో తోస్తే పక్కకు లాగేస్తాయి. వాన పడే ఊళ్లో ఒక చెయ్యి గొడుక్కి పోతుంది కదా, అవి మాకు పనికిరావనిపించింది.

గాలి చక్రాలా, ఫోమా? గాలి చక్రం కుదుపు బాగా తగ్గిస్తుంది, కానీ ముల్లు దిగితే షికారు అక్కడితో సరి. కొనేవాళ్లు చేతి పంపు కూడా కొనుక్కోండి. పెట్రోలు బంకు గొట్టంతో కొడితే ఆ చిన్న ట్యూబు క్షణాల్లో పగిలిపోతుంది. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. ఫోమ్‌కి పంక్చర్ బాధ లేదు, అయితే ఏడాది దాటాక ఒకవైపు అరుగుతుంది. పిల్లల బరువుల్లో తేడా ఉంటే బరువైన వైపు ముందుగా అరిగి బండి అటు లాగుతుంది. వాళ్లను అప్పుడప్పుడూ సీట్లు మారుస్తుంటే ఆ అరుగుదల రెండు వైపులా సమంగా పడుతుంది.

పాడయ్యేవి చిన్న చిన్న చోట్లే. ముందు చక్రం ఇరుసు చుట్టూ వెంట్రుకలు, దారాలు చుట్టుకుని బిగుస్తాయి. చక్రం ఊడదీసి, కత్తెర మొనతో తీసేసి, సిలికాన్ స్ప్రే కొట్టండి. కొబ్బరినూనె, యంత్రాల నూనె వద్దు, దుమ్ము పట్టి నల్లటి జిగురవుతుంది. బెల్టు బకిల్ బిగుసుకుందంటే లోపల బిస్కెట్ పొడి ఉందన్నమాట. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి టకటకా నొక్కితే వదులవుతుంది. బెల్టులు ఐదు వైపుల నుంచీ పట్టేవే తీసుకోండి. నడుముకు మాత్రమే ఉంటే పిల్ల కిందికి జారిపోతుంది.

హ్యాండిల్‌కి కూరగాయల సంచి తగిలించడం దాదాపు అందరూ చేసే పని. పిల్లలు సీట్లలో ఉన్నంతసేపూ ఏమీ కాదు. ఒకరిని ఎత్తుకోగానే బరువు వెనక్కి పోయి, రెండోవాళ్లతో సహా బండి వెల్లకిలా పడుతుంది. బరువంతా కింద బుట్టలోనే పెట్టాలి. బేస్‌మెంట్ ర్యాంపు మీద బ్రేకును నమ్ముకుని వదలకండి. హ్యాండిల్‌కి మణికట్టు పట్టీ కట్టుకోండి.

ఎండకు సీటు మీద దుప్పటి, చున్నీ కప్పొద్దు. గాలి ఆడక లోపల వేడెక్కుతుంది, ఏప్రిల్‌లో అది ప్రమాదం. పెద్ద టాప్ ఉండి, దాని వెనక జాలీ కిటికీ ఉన్న బండి తీసుకోండి. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి దోమతెర కావాలి. ఒక్క సీటు తెరలు రెండు కొంటే మధ్యలో సందు మిగులుతుంది. రెండు సీట్లకూ కలిపి కుట్టినదే పనికొస్తుంది. వానలో తడిశాక మడిచి పెడితే రెండు రోజుల్లో కుట్ల దగ్గర బూజు వస్తుంది, తెరిచి ఆరబెట్టండి.

ప్రయాణాల సంగతి. మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, వీల్‌చెయిర్‌లకు ఉంచిన వెడల్పాటి గేటులోంచి సిబ్బందిని అడిగి వెళ్లొచ్చు. ఎస్కలేటర్ ఎక్కించొద్దు. క్యాబ్ బుక్ చేస్తే డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉందేమో ఫోన్‌లో కనుక్కోండి, ఉంటే ఈ బండి అందులో పట్టదు. ఆటో అయితే మడిచినప్పటి పొడవు మీటరు లోపు ఉన్నవే సర్దుకుంటాయి.

పెద్దబిడ్డకు మూడేళ్లు దాటి, రెండోది పసిబిడ్డ అయితే డబుల్ బండి కొనకండి. సింగిల్ బండి వెనక బిగించే నిలుచునే పలక చాలు. పాతది కొంటే సీట్లు ఖాళీగా ఉన్నప్పుడు నున్నటి గచ్చు మీద మెల్లగా తోసి వదలండి. పక్కకు లాగితే చట్రం వంగిందో, చక్రం అరిగిందో చూడాలి. ఆ తర్వాత ఐదారుసార్లు మడిచి విప్పండి. లాక్ పడినట్టు టక్కుమన్న శబ్దం ప్రతిసారీ రావాలి.