మ్యూజిక్ డిగ్రీకి ఏది మేలు: కన్సర్వేటరీనా, స్టేట్ యూనివర్సిటీనా?

న్యూజెర్సీలో ఉంటున్న మా మేనకోడలికి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ప్రైవేటు కన్సర్వేటరీలో, అంటే ప్రధానంగా సంగీతమే నేర్పే కళాశాలలో, వయొలిన్ పెర్ఫార్మెన్స్, అంటే వేదికల మీద వాయించే వృత్తికి తయారుచేసే డిగ్రీ. రెండోది వాళ్ల స్టేట్ యూనివర్సిటీలో మ్యూజిక్ ఎడ్యుకేషన్, అంటే బడిలో సంగీతం టీచరయ్యే డిగ్రీ. "మామయ్యా, లెక్కలు నువ్వు చూసి చెప్పు" అంది. ఆ పిల్ల వాయింపు గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. అప్పు గురించైతే మాట్లాడగలను.

అమెరికాలో తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్ లోన్, అంటే కేంద్ర ప్రభుత్వమిచ్చే అప్పు, మొదటి ఏడాది 5,500 డాలర్లు, రెండో ఏడాది 6,500, ఆ తర్వాత ఏడాదికి 7,500 మించదు. నాలుగేళ్లకు 27,000. 6 శాతం వడ్డీ అనుకుని పదేళ్లలో తీరిస్తే నెలకు సుమారు 300 డాలర్లు. సంగీతం మీద బతికేవాళ్లు కూడా మోయగల బరువే ఇది. సొంత రాష్ట్రం పిల్లలకు తీసుకునే తక్కువ ఫీజు, కాస్త స్కాలర్‌షిప్, ఇంట్లోవాళ్ల సాయం కలిస్తే స్టేట్ యూనివర్సిటీ చదువు ఈ హద్దులోనే పూర్తి చేయొచ్చు.

కన్సర్వేటరీ సంగతి వేరు. ఫీజు, హాస్టల్, తిండి కలిపి ఏడాదికి 70,000 దాటే చోట్లున్నాయి. ఫెడరల్ లోన్ అందులో ఏ మూలకూ రాదు. మిగతాదానికి తల్లిదండ్రులు తమ పేరు మీద పేరెంట్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ తీసుకోవాలి, లేదా ప్రైవేటు లోనుకు పూచీ సంతకం పెట్టాలి. 2026 జులై నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు పేరెంట్ ప్లస్ కూడా ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20,000, మొత్తం 65,000 దగ్గర ఆగిపోతుంది. అంటే జనం ప్రైవేటు లోన్ల వైపే వెళ్తారు. 80,000 అప్పును 9 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు వెయ్యికి పైనే కట్టాలి. ఆదాయాన్ని బట్టి కిస్తీ తగ్గించే ఫెడరల్ పథకాలు ప్రైవేటు లోనుకు వర్తించవు. దివాలా తీసినా ఈ అప్పు వదలడం చాలా కష్టం.

మరి సంపాదన? కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే ప్రభుత్వ సైట్‌లో కోర్సువారీగా ఆదాయం, అప్పు చూపిస్తారు. చూడండి, కానీ గుడ్డిగా నమ్మొద్దు. ఫెడరల్ సాయం తీసుకున్నవాళ్ల లెక్కలే అందులో ఉంటాయి. ప్రైవేటు లోన్లు అసలు కనిపించవు. అసలు గుండె గుభేల్‌మనిపించే అప్పే ఆ పట్టికలో లేదన్నమాట! పైగా ఆదాయం కొలిచే సమయానికి ఇంకా చదువుతున్నవాళ్ల ఆదాయం లెక్కలోకి రాదు. పెర్ఫార్మెన్స్ చదివినవాళ్లేమో చాలామంది మాస్టర్స్‌కి వెళ్తారు.

పెర్ఫార్మెన్స్ డిగ్రీ తర్వాత దొరికేది ఒక ఉద్యోగం కాదు, నాలుగైదు చిన్న పనుల కలగలుపు: పెళ్లిళ్లలో వాయించడం, ఆర్కెస్ట్రాలో ఎవరైనా రాని రోజు వాళ్ల బదులు కూర్చోవడం, ఇళ్లలో పాఠాలు. స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం మనమే కట్టుకోవాలి. 26 ఏళ్లు నిండాక తల్లిదండ్రుల హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఉండదు. పెద్ద ఆర్కెస్ట్రాలో ఒక్క సీటు ఖాళీ అయితే వంద మందికి పైగా పోటీ పడటం మామూలే. ఆడిషన్లకు విమానం టికెట్లు మన జేబులోంచే.

బడి టీచరుకైతే చేరిన మొదటి ఏడాది నుంచే జీతం, ఇన్సూరెన్స్, పెన్షన్. జీతాల పట్టికను చాలా స్కూల్ డిస్ట్రిక్టులు అందరికీ కనిపించేలా పెడతాయి, కాబట్టి పదేళ్ల తర్వాత ఎంతొస్తుందో ఇప్పుడే చూసుకోవచ్చు. ప్రభుత్వ బడిలో పనిచేస్తూ అర్హతున్న పథకంలో 120 కిస్తీలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పు రద్దవుతుంది. కాకపోతే ముప్పై మంది ఆరో తరగతి పిల్లలు ఒకేసారి వయొలిన్ గీకితే వచ్చే చప్పుడును ప్రేమించగలగాలి. అది లేకుండా భద్రత కోసమే ఈ డిగ్రీ తీసుకుంటే మూడేళ్లలో విసుగొస్తుంది.

నా ఓటు స్టేట్ యూనివర్సిటీకే. అది చిన్న మెట్టు అనుకోవడం పొరపాటు. బ్లూమింగ్టన్‌లోని ఇండియానా యూనివర్సిటీ ప్రభుత్వ విశ్వవిద్యాలయమే, దాని జేకబ్స్ స్కూల్ దేశంలోని పెద్ద సంగీత కళాశాలల్లో ఒకటి. పైగా సోలో వాద్యకారుల దారి అక్కడితో మూసుకుపోదు. యేల్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో మాస్టర్స్‌కి ట్యూషన్ ఫీజు లేదు. సీటు రావడం కష్టమే, కానీ వస్తే ఆ కల ట్యూషన్ అప్పు లేకుండా తీరుతుంది.

కన్సర్వేటరీకి సరేననే సందర్భం ఒకటుంది: ఖర్చు వాళ్లే భరించినప్పుడు. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ 1928 నుంచి ట్యూషన్ తీసుకోవడం లేదు. లాస్ ఏంజెలెస్‌లోని కోల్‌బర్న్ కన్సర్వేటరీలో ట్యూషన్‌తోపాటు ఉండటానికి, తినడానికి కూడా ఇస్తారు. అలాంటి చోట సీటొస్తే నన్నడగాల్సిన పనే లేదు.

మా మేనకోడలికి వచ్చింది అలాంటి సీటు కాదు. అందుకే రెండు పనులు చెప్పాను. రెండు చోట్లా తనకు నేర్పబోయే టీచర్ దగ్గర ఒక ట్రయల్ పాఠం తీసుకోమన్నాను, ఎందుకంటే నాలుగేళ్లు చెవి పెట్టి వినేది కాలేజీ పేరును కాదు. స్కాలర్‌షిప్ పెంచమని కన్సర్వేటరీకి రాయమన్నాను. మే 1 లోపు జవాబు చెప్పాలి. మొదటి పాఠం స్టేట్ యూనివర్సిటీలో అయిపోయింది. ఫోన్‌లో గంటసేపు ఆ టీచర్ బో (వయొలిన్ కమాను) పట్టుకునే తీరు గురించే చెప్పింది. ఫీజు మాట ఎత్తలేదు.