12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ కొంటున్నారా? వైర్ల రంగులు నమ్మకండి

నల్లగొండలో విడి ఎలక్ట్రానిక్ సామాన్లు కొనేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. పోయిన ఆదివారం మా ఇంట్లో కెపాసిటర్ (కరెంటును నిల్వ ఉంచే చిన్న డబ్బా లాంటి పార్టు) పేలింది. మా పాప పక్కనే కూర్చుని ఉంది. కెపాసిటర్ డబ్బా పాప చెంప పక్క నుంచి దూసుకుపోయి గోడకు తగిలింది. నాకు ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

దేవరకొండ రోడ్డులో మా తమ్ముడికి టీ కొట్టుంది. అక్కడ పాత కారు స్టీరియో పెట్టుకుంటానంటే, పవర్ సప్లై నేను చేసిస్తానన్నాను. టౌన్‌లో ఒక షాపులో 12-0-12 (మధ్య వైరు నుంచి రెండు చివరలకూ చెరో 12 వోల్టులు ఇచ్చేది), 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ 650 రూపాయలకు తెచ్చాను. కంపెనీ పేరు లేదు, తెల్ల స్టిక్కర్ మీద పెన్నుతో రాసి ఉంది. సెకండరీ వైపు, అంటే తక్కువ వోల్టేజీ బయటికొచ్చే వైపు, రెండు పసుపు వైర్లు, ఒక నల్ల వైరు. మామూలుగా ఒకే రంగువి రెండూ చివరలు, వేరే రంగుది మధ్యలోని సున్నా. అందుకే నలుపును మైనస్‌కు, పసుపు రెండింటినీ చెరో డయోడ్‌కు (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే పార్టు) కలిపి, 4700 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ వేశాను. లెక్క ప్రకారం, ఏసీకి సుమారు 1.4 రెట్లు, అంటే 16 నుంచి 18 వోల్టుల డీసీ రావాలి. స్విచ్ వేసిన నిమిషంలోపే పేలింది.

డయోడ్లు తీసేసి మీటరు ఏసీలో పెట్టి చూశాను. నలుపుకూ ఒక పసుపుకూ మధ్య 13, నలుపుకూ రెండో పసుపుకూ మధ్య 26, పసుపు రెండింటి మధ్య 13. అంటే నలుపు సున్నా కానే కాదు, చివరి వైరు. అసలు సున్నా ఒక పసుపు వైరు! 26 వోల్టుల ఏసీ డయోడ్ దాటి వస్తే కెపాసిటర్ మీద 36 వోల్టుల దాకా నిలుస్తుంది. 25 వోల్టుల వరకే తట్టుకునేది పేలక ఏం చేస్తుంది?

షాపుకు పోతే, "వైర్లు కలిపినంక వాపసు తీసుకోం, అన్నా" అన్నారు. బిల్లు అడగకపోవడం నా తప్పే. పైగా "బ్రిడ్జి (నాలుగు డయోడ్ల జోడింపు) వేసుకోండి, రంగులతో పనే లేదు" అని సలహా. దయచేసి అలా చేయకండి. రెండు చివరలకు బ్రిడ్జి వేస్తే 33 వోల్టుల పైనే వస్తుంది, స్టీరియో కాలిపోతుంది.

ఆంపియర్లూ అబద్ధమే. సున్నాకూ ఒక చివరకూ మధ్య 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు పెడితే 13 వోల్టులు 8కి పడిపోయాయి. పది నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత వేడి. కరెంటు తీసేసి, చల్లారాక కాగితం విప్పి తీగ మీది ఎనామిల్ గీకి చూస్తే లోపల తెల్లగా ఉంది. రాగి అని అమ్మింది అల్యూమినియం.

షాపులోనే ప్లగ్ పెట్టించి మూడు వైర్లనూ జతలు జతలుగా కొలిపించండి. ఎక్కువ వోల్టేజీ చూపించిన జత చివరలు, మిగిలింది సున్నా. రంగు ఏదైనా సరే. ఇంట్లో మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 230 వోల్టుల వైపు 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే ట్రాన్స్‌ఫార్మర్‌కు పోయేలా, పెట్టండి. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, మిగతావి బతుకుతాయి. కెపాసిటర్ మీదకు వంగి చూడకండి, పిల్లల్ని ఆ గదిలోకే రానివ్వకండి.