టొరంటోలో 54వ అంతస్తులో కెనడా భోజనం

టొరంటో చూడ్డానికి వచ్చే మనవాళ్ళ ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. నయాగరా, సీఎన్ టవర్, వీలుంటే థౌజండ్ ఐలాండ్స్. తిండి మాత్రం బ్రాంప్టన్‌లో దోసె, మిస్సిసాగాలో బిర్యానీ. అవి బాగుంటాయి, కాదనను. కానీ అంత దూరం వచ్చి, ఆ నేల మీద ఏం పండుతుందో, ఆ నీళ్ళలో ఏం దొరుకుతుందో ఒక్క పూటైనా రుచి చూడకుండా వెళ్ళిపోవడం పెద్ద లోటని నాకు గట్టి నమ్మకం. అందుకే మే చివర్లో అమ్మను, అక్కను, బావగారిని డౌన్‌టౌన్‌లోని కనూ రెస్టారెంట్‌కు తీసుకెళ్ళాను.

ఆలివర్ అండ్ బొనాచిని సంస్థ నడిపే ఈ రెస్టారెంట్ 1995లో మొదలైంది. ఉండేది టీడీ బ్యాంక్ టవర్ 54వ అంతస్తులో. మీస్ వాన్ డెర్ రోహ్ డిజైన్ చేసిన ఆ నల్లటి భవనం 1967లో పూర్తయినప్పుడు కెనడా మొత్తంలో అదే ఎత్తైనది. యూనియన్ స్టేషన్ నుంచి పాత్ అనే భూగర్భ నడక దారిలోనే టవర్ దాకా వెళ్ళిపోవచ్చు. 30 కిలోమీటర్లకు పైగా ఉన్న దారి కాబట్టి మొదటిసారి వెళ్ళేవాళ్ళు తికమకపడతారు, బోర్డులు చూసుకుంటూ నడవాలి. చలికాలంలో పెద్దవాళ్ళతో వెళ్తే మాత్రం ఇంతకంటే మంచి దారి లేదు.

రెస్టారెంట్ లోపల ఆర్భాటమేమీ లేదు. చూపంతా కిటికీల వైపే పోతుంది. దక్షిణాన అంటారియో సరస్సు, టొరంటో దీవులు, దీవి మీది చిన్న ఎయిర్‌పోర్టులో దిగుతున్న విమానాలు. ఆ రోజుల్లో సూర్యుడు దాదాపు 9 గంటలకు గానీ అస్తమించడు. ఏడున్నరకి టేబుల్ తీసుకుంటే పగటి వెలుతురూ, సంధ్యా, ఊరి దీపాలూ మూడూ చూడొచ్చు. కిటికీ పక్క టేబుల్ కావాలని బుకింగ్‌లో రాయండి. దొరుకుతుందన్న గ్యారంటీ లేదు గానీ, అడగడంలో తప్పు లేదు.

బుక్ చేసేటప్పుడే అమ్మ గురించి రాశాను. చేప, మాంసం, గుడ్డు ఏవీ తినదని, సూపులో మాంసం మరిగించిన నీళ్ళు కూడా వాడకూడదని. టేబుల్ దగ్గరికి వచ్చినమ్మాయి మేం అడక్కముందే ఆ సంగతి ఎత్తింది. మెనూలో ఏది ఎలా మార్చి ఇవ్వగలరో ఒక్కొక్కటీ చెప్పింది. దానితో అమ్మకి టెన్షన్ తగ్గింది. సర్వీసు అంటే ఇదీ అనిపించింది నాకు.

అన్నిటికంటే ఎక్కువగా మమ్మల్ని ఆకట్టుకున్నది వైల్డ్ రైస్. నల్లగా, పొడుగ్గా, నమిలితే కాస్త గట్టిగా, పొగ వాసనతో ఉంటుంది. అసలు మన వరి జాతి కాదు, సరస్సుల అంచున లోతులేని నీళ్ళలో పెరిగే గడ్డి గింజ. అనిషినాబే ప్రజలు తరతరాలుగా దీన్ని పడవల్లో వెళ్ళి సేకరిస్తున్నారు. ఒకరు గడకర్రతో పడవ నడుపుతుంటే, ఇంకొకరు రెండు కర్రలతో వెన్నులను వంచి, తట్టి గింజలను పడవలోకి రాలుస్తారు. అమ్మ ఇది విని, "మన నివ్వరి ధాన్యం లాంటిదేనన్నమాట" అంది. ఋషిపంచమికి ఆ ధాన్యం కోసం ఊరంతా వెతికిన సంగతి చెప్పుకొచ్చింది. పుట్టగొడుగులతో వండిన ఆ గిన్నెడు అన్నాన్ని మెతుకు మిగల్చకుండా తింది.

నేను తిన్నది ఆర్కిటిక్ చార్. ఉత్తరాది చల్లని నీళ్ళలో పెరిగే చేప, సాల్మన్‌కు, ట్రౌట్‌కు చుట్టం. సాల్మన్ కంటే సున్నితమైన రుచి. పైన చర్మం కరకరలాడుతూ, లోపల కండ వెన్నలా విడిపోతూ వచ్చింది. మసాలా లేదు, కారం లేదు. చేప తాజాగా ఉంటే మసాలా లోటు తెలియదని నాకు ఆ రోజు బాగా అర్థమైంది. బావగారికి మాత్రం చప్పగానే అనిపించింది. రోజూ ఆవకాయతో తినేవాళ్ళకి అలా అనిపించడం సహజం. మెనూలో బైసన్ అని కనిపిస్తే అది అడవి దున్న మాంసం, బీఫ్ తినని వాళ్ళు గమనించుకోండి.

చివర్లో మేపుల్ స్వీటు. సుమారు 40 లీటర్ల చెట్టు రసాన్ని మరిగిస్తే ఒక లీటరు సిరప్ వస్తుంది. ప్రపంచంలో తయారయ్యే సిరప్‌లో దాదాపు 70 శాతం క్యుబెక్ రాష్ట్రానిదే. సూపర్‌మార్కెట్లో సీసాలు చూసి తేలిగ్గా తీసుకునే పదార్థమే గానీ, తీపితో పాటు సన్నటి చేదు కూడా కలిపి వండితే ఎంత బాగుంటుందో ఇక్కడే తెలిసింది.

ఇక ఖర్చు. మూడు కోర్సులు తింటే మనిషికి 100 డాలర్లు దాటుతుంది. దాని మీద అంటారియోలో 13 శాతం పన్ను, ఆ పైన టిప్పు. 300 డాలర్ల బిల్లు పన్నుతో 339 అవుతుంది, 18 శాతం టిప్పు కలిపితే 400. కార్డు మెషీన్ చాలాచోట్ల పన్ను కలిపిన మొత్తం మీదే టిప్పు లెక్కేస్తుంది. ముందే తెలిస్తే గుండె ఝల్లుమనదు. బడ్జెట్ తక్కువైతే నగరపాలక సంస్థ 2003 నుంచి జరిపే సమ్మర్‌లీషస్, వింటర్‌లీషస్ రోజులు చూసుకోండి. అప్పుడు పేరున్న రెస్టారెంట్లు కూడా స్థిరమైన ధరకు మూడు కోర్సులు పెడతాయి.

సీఎన్ టవర్ మీది 360 రెస్టారెంట్‌తో పోల్చమని చాలామంది అడుగుతారు. అది 72 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది, ఫిక్స్‌డ్ మెనూ తింటే టవర్ ఎక్కే టికెట్ కూడా అందులోనే వస్తుంది. పిల్లలతో వెళ్తే అదే సరదా. తిండి కోసమే అయితే నా ఓటు కనూకే.

డౌన్‌టౌన్‌లో బస అంత కలిసిరాలేదు. మేం దిగిన హోటల్లో గది ఇరుకు, రాత్రంతా రోడ్డు చప్పుడు, కారు పార్కింగ్‌కు విడిగా ఛార్జీ. మళ్ళీ వెళ్తే మిస్సిసాగాలో అక్క వాళ్ళింట్లోనే ఉండి, అక్కడి పోర్ట్ క్రెడిట్ స్టేషన్లో కారు పెట్టి, గో అనే లోకల్ రైలెక్కుతాను. లేక్‌షోర్ వెస్ట్ లైనులో రాత్రి పొద్దుపోయాక కూడా రైళ్ళుంటాయి. మిల్టన్ లైను రైళ్ళు మాత్రం ఆఫీసు వేళలకే పరిమితం, డిన్నర్ ముగించుకుని దాన్ని నమ్ముకోవద్దు.