కాలువ వంతెన దగ్గర సైకిల్ షాపు: వానాకాలం ఓవరాయిలింగు

పోయిన శ్రావణంలో ఒక టేబుల్ క్లాతు అంచు మీద మూడు తుప్పు గీతలు పడ్డాయి. నా సైకిలు క్యారేజీ కడ్డీలు అచ్చు దిగినట్టు, సరిగ్గా మూడు. అది అల్లినావిడకి ఇరవై రోజుల పని. తెల్ల దారం మీద తుప్పు ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. ఎక్స్‌పోర్టు చేసేవాళ్ళు తీసుకోలేదు, ఆవిడ కూలి నా చేతి డబ్బులు పెట్టి ఇచ్చాను. ఆ రోజే అనుకున్నాను, సైకిలు సంగతి చూడాల్సిందేనని.

నాది లేసు పని. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళకి దారం ఇచ్చి, అల్లిన పీసులు పోగుచేసి తెస్తాను. మొగల్తూరు, సీతారామపురం, వారానికోసారి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి. పదకొండేళ్ళుగా లేడీస్ సైకిలే. వాన అని ఆగితే వాళ్ళకి డబ్బులు ఆగిపోతాయి.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. బురద కొట్టుకుపోతుందని ఒక చోట బండ్లకి కొట్టే ప్రెషర్ నీళ్ళతో సైకిలు కడిగించాను. పైకి తళతళలాడింది. నెల తిరక్కుండా వెనక చక్రం తిప్పితే ఇసుక నమిలినట్టు కరకర. పెడల్ తొక్కితే కింద కటకట. ఆ స్థితిలో తీసుకెళ్ళాను, మొగల్తూరు రోడ్డులో కాలువ వంతెన దిగగానే ఎడమవైపు ఉన్న షాపుకి. షాపంటే తాటాకు పందిరి, ఒక గాలి పంపు, నీళ్ళ బేసిను. నడిపే ఆయన్ని అందరూ బాబాయి గారు అంటారు, నేనూ అంతే.

ఆయన మొదట సీటు ఊడబీకి సైకిలు తలకిందులుగా పెట్టారు. సీటు గొట్టంలోంచి టీ గ్లాసుడు ఎర్రటి నీళ్ళు కారాయి. నేను బిత్తరపోయాను. "సీటు దగ్గర సందులోంచి దిగుతుందమ్మా. దిగి పెడళ్ళ ఇరుసు తిరిగే కప్పులో కూర్చుంటుంది. ఎండలో పెట్టినా ఆరదు" అన్నారు. తర్వాత వెనక హబ్బు, అంటే చక్రం నడిమి గుండు, విప్పారు. లోపల గ్రీజు చూడాలి. పసుపుగా ఉండాల్సింది తెల్లబడి, కవ్వానికి అంటుకున్న వెన్నలా ఉంది. నీళ్ళు కలిస్తే గ్రీజు అలా అవుతుందట. లోపల బేరింగు గోళీలు ఆనుకుని తిరిగే కోను మీద గోరుతో రాస్తే గుంటలు తగిలాయి. వాన చినుకులు అంత లోపలికి పోవు, ప్రెషర్ నీళ్ళే పోతాయి, లేకపోతే ఇరుసు మునిగేదాకా నీళ్ళలో తొక్కితే పోతాయి అని చెప్పారు. 2022 జూలై వరద గుర్తొచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజులు. పంటు ఆపేశారు, లంకలో మా పుట్టింట్లో అన్నయ్య సైకిలు నాలుగు రోజులు నీళ్ళలో నిలబడింది. తుడిచి వాడుకున్నాడు, దసరాకల్లా చక్రం బిగుసుకుపోయింది. ఎందుకో నాకు ఇప్పుడు అర్థమైంది.

హబ్బులో గోళీలు కొత్తవే వేయించాను, పావు అంగుళంవి పక్కకి తొమ్మిది చొప్పున. ఇక్కడ ఒక మాట: అడక్కపోతే ఆయన పాతవే కడిగి వేసేస్తారు. గోళీల ఖరీదు పెద్దదేం కాదు, అడిగి మార్పించుకోండి. కోను గుంటలు పడితే అదీ మార్చాల్సిందే, లేకపోతే కొత్త గోళీలు కూడా పాడవుతాయి.

నాకు బాగా నచ్చింది సీటు దగ్గర చేసిన పని. పాత ట్యూబు రెండంగుళాలు కోసి, ఉంగరంలా గొట్టానికి తొడిగి, సీటు బిగించాక ఆ సందు మీదికి జరిపారు. ఖర్చు సున్నా. క్యారేజీకి కూడా ట్యూబు చుట్టమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. తుప్పు మీద చుడితే తడి లోపలే ఉండి ఇంకా తినేస్తుందని ముందు గరుకు కాగితంతో గీకి, రెడ్ ఆక్సైడు (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర రంగు) పూసి, మర్నాడు రమ్మని, ఆరాకే చుట్టారు. మర్నాడు రమ్మన్నప్పుడు విసుక్కున్నాను, ఒక రౌండు పోయింది కదా అని. ఇప్పుడైతే ఆయనదే రైటు అంటాను.

చైన్ డీజిల్లో కడిగి, ఎండబెట్టి, ఒక్కో గొలుసు ముడికీ ఒక్కో చుక్క నూనె వేసి, పైన పొడిగుడ్డతో తుడిచేశారు. గ్రీజు పూయమంటే వద్దన్నారు, మన నల్లమట్టి దానికి పట్టుకుని పళ్ళు అరగదీస్తుందట. వెనక మడ్‌గార్డుకి కింద రబ్బరు ముక్క తగిలించారు, చీర కుచ్చిళ్ళకి బురద తగ్గింది. బ్రేకు సంగతి మాత్రం ఆయనా మార్చలేరు. స్టీలు రిమ్ము తడిస్తే రబ్బరు జారుతుంది. వంతెన దిగే ముందు రెండు మూడు చుట్లు మెల్లగా బ్రేకు నొక్కి పట్టుకుంటే నీళ్ళు తుడుచుకుపోతాయి, అప్పుడు పడుతుంది. ఇది రోజూ చేస్తున్నాను.

అంతా కలిపి 480 రూపాయలు తీసుకున్నారు, సామానుతో సహా. బిల్లు ఇవ్వరు. గట్టి వాన పడితే పందిరి కింద పని ఆపేస్తారు, సైకిలు అక్కడే ఉండిపోతుంది. గేర్ల సైకిళ్ళు ముట్టుకోరు, ఆ మాట ముందే చెప్తారు. చైన్ కవరు బిగించేటప్పుడు ఒక స్క్రూ వదిలేశారు, రెండు రోజులు టకటకలాడింది. మళ్ళీ వెళ్తే మారు మాట్లాడకుండా బిగించి ఇచ్చారు.

ఈ ఏడు ఆషాఢం నుంచి సైకిలు వానలోనే తిరుగుతోంది. మూట యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కవర్లో కట్టి, ట్యూబు చుట్టిన క్యారేజీ మీద పెడుతున్నాను. ఒక్క మరక లేదు. పేరుపాలెం బీచి వైపు ఉప్పు గాలికి పోయొచ్చిన రోజు చెంబుతో మంచినీళ్ళు మెల్లగా పోసి తుడుస్తున్నాను, అంతే.

వెళ్ళేవాళ్ళు పొద్దున్న ఏడున్నరకల్లా వెళ్ళండి. ఎనిమిది దాటితే బడికెళ్ళే పిల్లల పంచర్లు మొదలవుతాయి, మీ వంతు మధ్యాహ్నమే.