ఐరిష్ పూర్వీకుల ఆచూకీకి డీఎన్‌ఏ కిట్టా, పాత రికార్డులా, డబ్బిచ్చి వెతికించుకోవడమా: ఏది మేలు?

మా అత్తగారిది బోస్టన్. ఆవిడ నాయనమ్మ మేరీ 1905లో, పంతొమ్మిదేళ్లప్పుడు ఐర్లాండ్‌లోని మేయో కౌంటీ నుంచి ఓడెక్కి వచ్చింది. ఇంట్లో ఎవరికైనా తెలిసింది అంతే. మా పాపకి స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మంటే మా నాన్నగారు ఫోన్లోనే ఊరు, ఇంటిపేరు, గోత్రం, ఆరు తరాల పేర్లు గడగడా చెప్పేశారు. అటువైపు మాత్రం "మేయో" అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. పిల్లకి రెండు వైపులా తెలియాలి కదా అని అప్పట్నుంచి ఏడాదిన్నరగా ఈ పని మీదే ఉన్నాను.

ఐరిష్ కుటుంబాల్లోకి పెళ్లయి వచ్చిన మనవాళ్లు నన్ను అడిగేది కూడా ఇదే: కిట్ కొనాలా, రికార్డులు వెతకాలా, ఎవరికైనా డబ్బిచ్చి చేయించుకోవాలా? నా మాట ఏంటంటే, ముందు రికార్డులు, అవి కూడా ఐర్లాండ్‌వి కాదు, మనిషి వచ్చి స్థిరపడిన దేశంలోవి.

మేం కిట్‌తోనే మొదలుపెట్టాం. ఉమ్మి సీసాలో పోసి పంపిస్తే కొన్ని వారాలకి మ్యాప్ వచ్చింది, అందులో ఐర్లాండ్ పడమటి తీరం రంగు వేసి ఉంది, అది మాకు ముందే తెలుసు. దాని కింద చుట్టాల జాబితా, వేలల్లో. నాలుగో తరం కజిన్స్‌లో దాదాపు సగం మంది మధ్య డీఎన్‌ఏ అసలు కలవదు, పైగా ఆ పడమటి ఊళ్లలో అవే కుటుంబాల మధ్య తరతరాలుగా పెళ్లిళ్లు జరిగాయి కాబట్టి, కలిసినవాళ్లు కూడా ఉన్నదానికంటే దగ్గర చుట్టాల్లా కనిపిస్తారు. చాలామంది పేరు పక్కన వంశవృక్షం ఉండదు, మెసేజ్ పెడితే జవాబు రాదు. ఊరి పేరు తెలియకుండా ఆ జాబితా పట్టుకుని మేం నాలుగు నెలలు పోగొట్టుకున్నాం.

అలాగని నేరుగా ఐరిష్ రికార్డుల్లోకి దూకినా దారి దొరకదు, దానికి పెద్ద కారణమే ఉంది. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ పేలుడులో, మంటల్లో నాశనమైపోయింది. 1821 నుంచి 1851 వరకు జరిగిన జనాభా లెక్కలు కొద్ది ముక్కలు తప్ప అక్కడే కాలిపోయాయి. 1861, 1871 లెక్కల కాగితాలను ప్రభుత్వమే అంతకుముందు నాశనం చేసింది, 1881, 1891వి మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాగితం గుజ్జుగా మారిపోయాయి. 1845లో మొదలైన కరువులో పది లక్షల మంది చనిపోయి, అంతకన్నా ఎక్కువ మంది దేశం వదిలివెళ్లిన ఆ తరం పేర్లు ఇంటింటి లెక్కల్లో మనకి దొరకవు, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. పూర్తిగా మిగిలినవాటిలో మొదటివి 1901, 1911 లెక్కలే, అవి ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు.

వాటిలో వెతకాలంటే టౌన్‌లాండ్ పేరు కావాలి. టౌన్‌లాండ్ అంటే మన పల్లె కన్నా చిన్నది, ఒక్కోసారి నాలుగైదు ఇళ్లే ఉంటాయి, ఐర్లాండ్ మొత్తం మీద ఇలాంటివి 60,000కు పైగా ఉన్నాయి. మేయోలో మేరీలు కొల్లలు, వాళ్ల ఇంటిపేరు కూడా ఊరూరా ఉన్నదే, అందుకని టౌన్‌లాండ్ తెలియకపోతే ఏ మేరీ మన మేరీయో తేల్చలేం.

మాకు ఆ పేరు అమెరికాలోనే దొరికింది. మసాచుసెట్స్ పెళ్లి రికార్డులో మేరీ తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయి. ఆవిడ ఓడ జాబితాలో ఊరు లేదు, కానీ తమ్ముడు 1909లో వచ్చాడు. 1907 తర్వాతి జాబితాల్లో స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా రాసేవాళ్లు, అందుకని అతని వరుసలో తండ్రి పేరు, పక్కన టౌన్‌లాండ్ పేరు తప్పు స్పెల్లింగ్‌తో కనిపించాయి. లొగానిమ్ అనే ఐరిష్ స్థలనామాల డేటాబేస్‌లో రకరకాలుగా కొట్టి చూస్తే అసలు పేరు తేలింది. మీ వాళ్లు ఇంకా ముందు తరంలో వచ్చి ఉంటే 'బోస్టన్ పైలట్' పత్రికలో 1831 నుంచి 1921 దాకా వచ్చిన తప్పిపోయినవాళ్ల ప్రకటనలు చూడండి, చాలావాటిలో పారిష్ (ఒక చర్చి కిందకి వచ్చే ఊళ్లు) పేరుతో సహా ఉంటుంది. మనిషి గురించి దొరక్కపోతే అన్నదమ్ముల గురించి, అక్కచెల్లెళ్ల గురించి వెతకాలి.

ఆ తర్వాత పని చకచకా సాగింది. 1864 నుంచి పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు అందరివీ ప్రభుత్వం నమోదు చేసింది, పాతవి ఆన్‌లైన్‌లో ఉచితం. కాథలిక్ చర్చి రిజిస్టర్లు సుమారు 1880 వరకు నేషనల్ లైబ్రరీ సైట్‌లో ఫొటోలుగా ఉన్నాయి. మరకలు పడిన పేజీ, ఫాదర్ గారి లాటిన్ చేతిరాత. జకోబుస్ ఎవరా అని రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నాక తెలిసింది జేమ్స్ అని, ఆయనే మేరీ నాన్న. 1901 లెక్కల్లో ఆయన వయసు 56, 1911లో 70! 1909 జనవరి నుంచి డెబ్బై నిండినవాళ్లకి పెన్షన్ ఇవ్వడం మొదలైంది, అందుకే ఆ రెండు లెక్కల మధ్య చాలామంది వయసు ఇలా ఎగబాకింది, వయసు కలవలేదని రికార్డును పక్కన పడేయొద్దు. అదే కాగితంలో ఆయన భార్య వరుసలో పుట్టిన పిల్లలు 11, బతికున్నవాళ్లు 7 అని ఉంది. మా అత్తగారు ఆ రెండు అంకెల మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నారు.

కిట్ అప్పుడు పనికొచ్చింది. టౌన్‌లాండ్ తెలిశాక జాబితాలో ఆ పేరు రాసుకున్న ఒకావిడ కనిపించారు, మేరీ చెల్లెలి మునిమనవరాలు.

ఒక్క సందర్భంలో మాత్రం నా వరుస తిరగేయండి. ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్లుంటే, వాళ్లు ఒప్పుకుంటే, కిట్ వాళ్లకి ఈ వారమే చేయించండి. వాళ్లలో ఉన్న పాత తరం డీఎన్‌ఏ మన పిల్లల్లో ఉండేదానికి ఎన్నో రెట్లు, రికార్డులు వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటాయి.

ఇక డబ్బిచ్చి చేయించుకోవడం. మాకు తెలిసినవాళ్లు ఒకరికి పెద్ద మొత్తమే ఇస్తే, ఎవరో ఆన్‌లైన్‌లో పెట్టిన వంశవృక్షాన్నే కాపీ చేసి పంపారు. అంతమాత్రాన ఆ దారే వద్దనను. 1708 నుంచి ఉన్న రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్ దస్తావేజులు, గ్రిఫిత్స్ వాల్యుయేషన్ (పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో పన్ను కోసం చేసిన భూముల, ఇళ్ల విలువ లెక్క) తర్వాత పొలం ఎవరి చేతికి మారిందో రాసిన పుస్తకాలు లాంటివి డబ్లిన్‌లో ఉండి చూడగల అనుభవజ్ఞులకే సులువు. టౌన్‌లాండ్ తెలిశాకే వాళ్ల దగ్గరికి వెళ్లండి, ఏ పుస్తకాలు చూశారో, ఎందులో ఏమీ దొరకలేదో రెండూ రాసిమ్మని అడ్వాన్స్ ఇచ్చేముందే అడగండి.